‘క్లైవ్ ఆఫ్ ఇండియా’ (1935) సినిమాలో ఎంత నిజం? చరిత్ర చదివేవాళ్లకు పనికొస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నారు. రొనాల్డ్ కోల్మన్ నటించిన పాత హాలీవుడ్ సినిమా ‘క్లైవ్ ఆఫ్ ఇండియా’ చూశారు. అందులో ఎంత నమ్మాలో, జవాబుల్లో ఎంత వాడుకోవచ్చో తెలియక టెన్షన్ పడుతున్నారు.

సూటిగా చెప్తాను. పెద్ద ఘట్టాలు, మనుషుల పేర్లు చాలావరకు నిజమే. అవి ఎందుకు జరిగాయని సినిమా చెబుతుందో, అది మాత్రం నమ్మకండి. ఈస్టిండియా కంపెనీ తరఫున రాబర్ట్ క్లైవ్ బెంగాల్‌లో గెలిచిన ప్లాసీ యుద్ధం అర్థం కావాలంటే ఈ సినిమా సరిపోదు. 1935లో ఇంగ్లండూ అమెరికా ప్లాసీని ఎలా తలుచుకోవాలనుకున్నాయో తెలియాలంటే మాత్రం ఇంతకన్నా మంచి ఆధారం తేలిగ్గా దొరకదు. డిగ్రీ కాలేజీలో ఆధునిక భారత చరిత్ర చెప్పినన్నాళ్లూ దీన్ని పిల్లలకు ముక్కలు ముక్కలుగా చూపిస్తూ వచ్చాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సినిమా సంగతి. 1935 జనవరిలో విడుదలైంది. నిర్మాత డారిల్ జానక్, సంస్థ ట్వెంటియెత్ సెంచురీ పిక్చర్స్. అప్పటికి అది ఫాక్స్‌తో కలవలేదు, ఆ ఏడాదే తర్వాత కలిసింది. దర్శకుడు రిచర్డ్ బొలెస్లావ్‌స్కీ పోలండ్ మనిషి, మాస్కో రంగస్థలం నుంచి వచ్చినవాడు. కథకు మూలం అంతకు ముందు ఏడాది లండన్‌లో ఆడిన నాటకం. దాన్ని రాసిన లిప్స్‌కోంబ్, మిన్నీ అనే ఇద్దరే సినిమాకూ రాశారు. సినిమాలో సగానికి పైగా గదుల్లో మాటల మీదే ఎందుకు నడుస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నిడివి గంటన్నర దాటి కాస్త. అందులో యుద్ధానికి దక్కింది కొద్ది నిమిషాలే. మిగతాదంతా క్లైవ్, అతని భార్య మార్గరెట్ (లొరెట్టా యంగ్) మధ్య సంసారం.

నటన విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కోల్మన్ తనకు గుర్తింపు తెచ్చిన మీసాన్ని ఈ పాత్ర కోసం తీసేశాడు. పార్లమెంటులో తనను తాను సమర్థించుకునే సీనులో అతని గొంతు వింటే ఎంత కోపంగా ఉన్న ప్రేక్షకుడైనా మెత్తబడతాడు. సినిమా బలం అక్కడే, ప్రమాదమూ అక్కడే. ఇక మన పాత్రలు వేసిందెవరో చూడండి. బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా వేషం రష్యాలో పుట్టిన మిషా ఔర్‌ది. నవాబు సేనాని మీర్ జాఫర్‌గా న్యూయార్క్‌లో పుట్టిన సీజర్ రొమేరో. ఈయనే 1960లలో టీవీ బ్యాట్‌మన్‌లో జోకర్. ముఖ్యమైన భారతీయ పాత్ర ఒక్కదానిలోనూ భారతీయుడు లేడు. ఆ రోజుల్లో అది మామూలే. అయితే దాని ఫలితం తెర మీద కనిపిస్తుంది: నవాబు ఒక దుర్మార్గుడు, మీర్ జాఫర్ ఒక నక్క, మిగిలినవాళ్లంతా గుంపు.

ఇప్పుడు నిజానిజాలు.

ప్రేమకథ. స్నేహితుడు ఎడ్మండ్ మాస్కెలిన్ దగ్గర అతని చెల్లెలి బొమ్మ చూసి క్లైవ్ మనసు పారేసుకోవడం, ఆమెను ఇండియాకు రప్పించుకోవడం జీవిత చరిత్రల్లో చాలాకాలంగా ఉన్న కథే. మార్గరెట్ 1752లో మద్రాసు వచ్చింది, 1753 ఫిబ్రవరిలో పెళ్లయింది. సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చి ఇప్పటికీ ఉంది, అదే కోటలో క్లైవ్ ఉన్న ఇల్లూ ఉంది. చెన్నై వెళ్తే రెండూ చూడండి. సినిమా ఇంత శ్రద్ధగా చెప్పిన ఈ కథలో పరీక్షకు పనికొచ్చేది మాత్రం ఏమీ లేదు.

మద్రాసు రోజులు. 1744లో, 18 ఏళ్ల వయసులో, ఏడాదికి 5 పౌండ్ల జీతానికి గుమాస్తాగా వచ్చాడు. 1751లో ఆర్కాటు కోట పట్టుకుని, సుమారు 200 మంది యూరోపియన్లు, 300 మంది సిపాయిలతో ముట్టడిని 50 రోజులు తట్టుకున్నాడు. అది నిజమైన సాహసమే, కాదనను. కానీ సంపద ఎలా వచ్చింది? కత్తి వల్ల రాలేదు. సైన్యానికి తిండి, సరుకులు సప్లై చేసే పని అతని చేతికి వచ్చింది, ఆ కమిషన్లతో 1753లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లేనాటికి సుమారు 40 వేల పౌండ్లు కూడబెట్టాడు. 5 పౌండ్ల గుమాస్తా తొమ్మిదేళ్లలో అంత డబ్బు ఎలా సంపాదించాడన్న ప్రశ్నను సినిమా మీకు రానివ్వదు. నా క్లాసులో నేను మొట్టమొదట వేసే ప్రశ్న అదే.

కలకత్తా చీకటి గది. 1756 జూన్ 20 రాత్రి జరిగిన ఈ ఘటన లేకపోతే ఈ సినిమాలో ప్రతీకారానికి కారణమే లేదు. కలకత్తా కోట పట్టుకున్న నవాబు మనుషులు ఇంగ్లీషువాళ్ల వైపు ఖైదీలను ఒక చిన్న గదిలో కుక్కారు. 146 మందిని తోస్తే 123 మంది చచ్చారన్నది హాల్వెల్ అనే కంపెనీ ఉద్యోగి రాసిన లెక్క. ఆయన బతికి బయటపడినవాడు, కానీ సంఖ్యలు పెంచి చెప్పాడని తర్వాతి చరిత్రకారులు చాలామంది తేల్చారు. 64 మందిని పెట్టారని, 43 మంది పోయారని ఒక అంచనా ఉంది. ఘటన జరగలేదని రాయకండి, 146 అని కళ్లు మూసుకునీ రాయకండి. రెండూ మార్కులు పోగొట్టేవే.

ప్లాసీ. ఇక్కడ కాస్త ఆగుదాం. సినిమాలో ఏనుగులు ముందుకు తోసుకొస్తాయి, వర్షం, గుర్రాలు, గందరగోళం. కోల్మన్ గుండె నిబ్బరంతో గెలుస్తాడు. అసలు 1757 జూన్ 23న జరిగిందేమిటంటే, క్లైవ్ దగ్గర దాదాపు 3 వేల మంది, నవాబు వైపు సుమారు 50 వేలు. నవాబు ఫిరంగుల గురించి కంపెనీ చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ వర్ణన ఒకటుంది. నేల నుంచి ఆరడుగుల ఎత్తున పెద్ద చెక్క వేదికలు, వాటి మీదే ఫిరంగి, మందుగుండు, గోలందాజులు (ఫిరంగి పేల్చేవాళ్లు) అందరూ. ఒక్కొక్క వేదికను లాగడానికి 40, 50 జతల తెల్ల ఎద్దులు. వెనక నుంచి ఒక ఏనుగు నుదుటితో నెడుతూ ఉండేది. అంత బరువైన ఏర్పాటు ముందు మధ్యాహ్నం వాన పడింది. ఇంగ్లీషువాళ్లు మందుగుండు మీద టార్పాలిన్లు కప్పుకున్నారు, నవాబు వైపు మందు తడిసిపోయింది. నమ్మకంగా పోరాడిన మీర్ మదన్ ఫిరంగి గుండు తగిలి పోయాడు. నవాబు సేనానులే అయిన మీర్ జాఫర్, రాయ్ దుర్లభ్, యార్ లుత్ఫ్ ఖాన్ తమ సేనలతో పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయారు. అంటే సైన్యంలో అధిక భాగం అసలు యుద్ధమే చేయలేదు. ఇంగ్లీషు వైపు చనిపోయింది పాతిక మంది లోపే.

ఆ సేన ఎందుకు కదల్లేదన్నదే అసలు ప్రశ్న. జవాబు యుద్ధభూమిలో దొరకదు, ముర్షిదాబాద్ షావుకారు జగత్ సేఠ్ కుటుంబం దగ్గర, నవాబు గద్దె ఎక్కిస్తామని మీర్ జాఫర్‌తో రాసుకున్న ఒప్పందాల దగ్గర దొరుకుతుంది. మధ్యవర్తి ఓమీచంద్ తన వాటా కాగితం మీద రాయమని పట్టుబట్టాడు. క్లైవ్ రెండు కాగితాలు తయారు చేయించాడు. ఎర్ర కాగితం మీద ఓమీచంద్ వాటా ఉంది, అసలైన తెల్ల కాగితం మీద లేదు. దొంగ కాగితం మీద సంతకం చేయడానికి అడ్మిరల్ వాట్సన్ ఒప్పుకోకపోతే క్లైవ్ అతని పేరు వేరేవాళ్లతో పెట్టించాడు. పార్లమెంటు విచారణలో ఇది బయటికి వస్తే సిగ్గుపడలేదు, అవసరమైతే మళ్లీ చేస్తానన్నట్టే మాట్లాడాడు. సినిమా ఇలాంటి చోటల్లా కోల్మన్ ముఖం మీద కెమెరా పెట్టి, దేశం కోసం చేసిన త్యాగంలా అనిపించేలా చేస్తుంది.

యుద్ధం తర్వాత మొదటి విడత వెండి ముర్షిదాబాద్ నుంచి కలకత్తాకు 700 పెట్టెల్లో, వంద పడవల్లో, జెండాలు కట్టి బ్యాండు మేళంతో నది మీద వెళ్లింది. క్లైవ్‌కు సొంతంగా ముట్టింది 2 లక్షల 34 వేల పౌండ్లు. తర్వాత ఏడాదికి సుమారు 27 వేల పౌండ్లు వచ్చే జాగీరు. నన్నడిగితే ఈ కథకు ఆ పడవల సీనే గుండెకాయ. సామ్రాజ్యం ఒప్పందాలతో, అప్పులతో, వాటాలతో కట్టారు. సినిమా దాన్ని ఒక మనిషి ధైర్యంగా, అతని భార్య కన్నీళ్లుగా మార్చేసింది. నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదొక్కటే. మిగతా తప్పులన్నీ దీని పిల్లలే.

1765 ఆగస్టు 12న అలహాబాద్‌లో మొఘల్ చక్రవర్తి రెండో షా ఆలం బెంగాల్, బిహార్, ఒరిస్సా దివానీ ఇచ్చిన తీరు కూడా చూడండి. బెంజమిన్ వెస్ట్ గీసిన ప్రసిద్ధ చిత్రంలో అదో మహా దర్బారు. నిజంగా జరిగింది క్లైవ్ డేరాలో. భోజనాల బల్లల మీద ఒక కుర్చీ వేసి, గుడ్డ కప్పి, సింహాసనం చేశారు. కోట్లమంది పన్ను వసూలు హక్కు అలా చేతులు మారింది. ఇలాంటి సన్నివేశాన్ని గొప్పగా అలంకరించడం హాలీవుడ్‌తో మొదలు కాలేదు, అంతకు వందేళ్లకు పైగా ముందే చిత్రకారులు మొదలుపెట్టారు.

ఇక మనకు నేరుగా సంబంధించింది. సినిమాలో దీని ఊసే లేదు, చాలా పాఠ్యపుస్తకాల్లోనూ రెండు లైన్లే ఉంటుంది. క్లైవ్ కథలో ఉత్తర సర్కారులు (శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మన కోస్తా) చిన్న అధ్యాయం కాదు. ప్లాసీకి అయిదు నెలల ముందు, 1757 జనవరి 24న, బొబ్బిలి యుద్ధం. అక్కడ ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు విజయనగరం పక్షాన ఉన్నాయి. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే చంపాడు. అంతవరకూ మన పిల్లలందరికీ తెలుసు. ఆ తర్వాతే కథ క్లైవ్ వైపు తిరుగుతుంది.

విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి రాజుకు ఫ్రెంచివాళ్లతో చెడింది. 1758లో విశాఖపట్నం వాళ్ల చేతిలోంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్లను రమ్మని కబురు పెట్టాడు. మద్రాసు కౌన్సిల్ పట్టించుకోలేదు, వాళ్లకు ఫ్రెంచి సేనాధిపతి లాలీ భయం. కలకత్తాలో క్లైవ్ మాత్రం తన కౌన్సిల్‌లో మిగతావాళ్లకు ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నాడు. ఫ్రెంచివాళ్లను ఇటు లాగితే మద్రాసు మీద ఒత్తిడి తగ్గుతుందని అతని లెక్క. కల్నల్ ఫోర్డ్‌తో సుమారు 500 మంది యూరోపియన్లను, 2 వేల మంది సిపాయిలను ఓడల్లో పంపాడు. అక్టోబరులో విశాఖలో దిగారు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన ఓడింది. (తేదీ పుస్తకాల్లో 7 అనీ 9 అనీ రెండూ కనిపిస్తాయి. ‘1758 డిసెంబరు’ అని రాస్తే చాలు.)

ఇక్కడా డబ్బే. రాజు సేన ఖర్చుకు నెలకు 50 వేల రూపాయలు, ఆఫీసర్లకు విడిగా 6 వేలు ఇస్తానని ఒప్పుకున్నాడు. లోపలి ప్రాంతాలు రాజుకు, సముద్ర తీరం పట్టణాలు కంపెనీకి. చందుర్తి గెలిచాక డబ్బు అందక ఫోర్డ్ వారాల తరబడి కదల్లేకపోయాడు. తీరా మచిలీపట్నం కోట ముందు కూర్చున్నాక అతని తెల్ల సిపాయిలే దోపిడీ సొమ్ములో వాటా ఇవ్వలేదని తిరగబడ్డారు. ఒకపక్క హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు, ఇంకోపక్క చేతిలో చిల్లిగవ్వ లేదు. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ తెగించి దాడి చేశాడు. ఒక దళం కోట చుట్టూ ఉన్న బురద నేలలో పడి దృష్టి మళ్లించింది, అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి పడింది. తెల్లారేసరికి లొంగిపోయినవాళ్లు దాడి చేసినవాళ్ల కన్నా ఎక్కువ. నెల తిరగ్గానే సలాబత్ జంగ్ మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలు రాసిచ్చాడు.

1765లో దివానీతో పాటు ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా క్లైవ్ షా ఆలం దగ్గర సంపాదించాడు. 1766 నవంబరులో నిజాం అలీతో ఒప్పందం కుదిరింది, ఏటా 9 లక్షల రూపాయల లెక్కన. గుంటూరు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో ఉండిపోయింది, అది 1788లో కలిసింది. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా మన తాతలు కంపెనీ రైతులయింది ఇలా. క్లైవ్ ఈ నేల మీద యుద్ధం చేయలేదు. ఉత్తరాలతో, కాగితాలతో పని జరిగిపోయింది. అందుకేనేమో సినిమావాళ్ల కంట పడలేదు.

గొల్లప్రోలు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి, క్లాసులో చందుర్తి పేరు రాగానే లేచి, ‘సార్, అది మా పక్క ఊరే, ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు’ అన్నాడు. ప్లాసీ తేదీ, ఆర్కాటు తేదీ అతనికి కంఠతా వచ్చు. ఈ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ప్లాసీలో క్లైవ్ వెంట పోరాడిన సిపాయిల్లో చాలామంది మద్రాసు వైపు నుంచి వెళ్లినవాళ్లే. బెంగాల్‌లో వాళ్లను తెలంగాలు అనేవారు. వాళ్లలో ఒక్కరి పేరూ సినిమాలో వినపడదు.

మరి 1935లో ఇలాంటి సినిమా ఎందుకు తీశారు? ఒకటి వ్యాపారం: హాలీవుడ్‌కు బయటి దేశాల్లో బ్రిటన్ పెద్ద మార్కెట్. అదే నెలలో బెంగాల్ లాన్సర్ల మీద ఇంకో హాలీవుడ్ సినిమా వచ్చింది, అదీ బాగా ఆడింది. రెండోది కాలం: ఉప్పు సత్యాగ్రహం జరిగి అయిదేళ్లు. భారత ప్రభుత్వ చట్టం మీద లండన్ పార్లమెంటులో వాదాలు నడుస్తున్నాయి, ఆ ఆగస్టులోనే చట్టమైంది. ఇండియాకు ఎంత అధికారం ఇవ్వాలని తర్జనభర్జన పడుతున్న రోజుల్లో, దాన్ని సంపాదించిపెట్టిన మనిషికి కృతజ్ఞత చూపలేదే అని ఏడిపించే సినిమా వచ్చింది. ఈ కోణం జవాబులో రెండు వాక్యాలు రాసినా పేపరు దిద్దేవాళ్లకు మీరు ఆలోచించారని తెలుస్తుంది.

ముగింపు గురించి ఒక మాట. సినిమా పార్లమెంటు ఘట్టంతో ఆగిపోతుంది, భార్య తిరిగొస్తుంది, గౌరవం దక్కుతుంది. 1773 మేలో కామన్స్ సభ క్లైవ్ గొప్ప సేవలు చేశాడని తీర్మానించిన మాట నిజం. కానీ మధ్యలో 1770 నాటి బెంగాల్ కరువు ఉంది. లక్షల మంది చచ్చిపోయిన ఆ కరువు వార్తలే లండన్‌లో కంపెనీ మీద కోపం రగిల్చాయి. 1774 నవంబరు 22న క్లైవ్ తన ఇంట్లో 49 ఏళ్లకే చనిపోయాడు. ఆత్మహత్యేనని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. సొంత ఊరి దగ్గరి చర్చిలో పేరు కూడా లేని సమాధిలో పాతిపెట్టారు. ఇవేవీ తెర మీద లేవు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సినిమా మీద కోపంతో రెండో కొసకు పోకండి. సిరాజుద్దౌలాను మచ్చలేని వీరుడిగా, ఆనంద గజపతిని ద్రోహిగా రాసే జవాబులు చాలా దిద్దాను. ఆనాటి రాజులకు, షావుకారులకు ‘భారతదేశం’ అన్న లెక్క లేదు, తమ గద్దె, తమ బాకీ, తమ పగ ఉన్నాయి. ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అద్దెకు దొరికే సైన్యంలా కనిపించారు. అద్దెకొచ్చినవాడు ఇల్లు ఆక్రమిస్తాడని తెలిసేసరికి ఆలస్యమైంది.

మీరు చేయాల్సింది: సినిమా ఇంకోసారి చూడండి, ఈసారి కాగితం దగ్గర పెట్టుకుని. ప్రతి సీనులో ఎవరు మాట్లాడుతున్నారు, డబ్బు ఎవరి దగ్గర నుంచి ఎవరికి వెళ్తోంది, ఆ మాట తెర మీద వస్తోందా లేదా, ఈ మూడే రాసుకోండి. తర్వాత 1757 నుంచి 1766 వరకు రెండు నిలువు వరసలు గీసి, ఒకదాంట్లో బెంగాల్, ఇంకోదాంట్లో ఉత్తర సర్కారులు నింపండి. ‘ఆంధ్ర తీరంలో కంపెనీ అధికారం ఎలా స్థిరపడింది’ అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే తయారవుతుంది. బుస్సీకి 1753లో సర్కారులు ఎలా దక్కాయో నేను పైన రాయలేదు, ఆ వరస అక్కడి నుంచే మొదలుపెట్టండి. నింపాక ఇక్కడ పెట్టండి, ఎక్కడైనా తేడా ఉంటే చూసి చెప్తాను.